లోకవార్త – కవిజీవితము : చాటుకథలను చదువు విధము

ప్రతి సంవత్సరమును ప్రబంధపాఠము నారంభించిన దినముననే తరగతిలో నొక ప్రశ్న పుట్టుచుండును. “శ్రీనాథుడును పోతనయు బావమఱదులట, నిజమేనా?” అని యొక విద్యార్థి యడుగును. “తిమ్మన పారిజాతాపహరణమును రాజదంపతుల యలుక తీర్చుటకు వ్రాసెనట, నిజమేనా?” అని యింకొక విద్యార్థిని యడుగును. పద్యమును గూర్చిన ప్రశ్న తరువాత వచ్చును. కవిని గూర్చిన ప్రశ్న ముందు వచ్చును. ఉపాధ్యాయుడు సాధారణముగా రెండు మార్గములలో నొకదాని నవలంబించును. కథ రసవంతముగా నున్నది గావున చెప్పి సంతోషపెట్టుట యొకటి. ఆధారము లేదని యొక్క మాటతో త్రోసివేయుట రెండవది. ఈ రెండు మార్గములును చాలవని నా యభిప్రాయము. మూడవ మార్గ మొకటి కలదనియు, దాని ననుసరింపకపోవుటచే మన సాహిత్యచరిత్రలో కొందఱికి, ముఖ్యముగా స్త్రీలకు, అన్యాయము జరిగినదనియు చూపుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా మాటను నిర్ణయించుకొందము. ప్రసిద్ధులను గూర్చి జనులు తమలో తాము చెప్పుకొను కబుర్లకు తెలుగున పేర్లు పెక్కు గలవు. జనశ్రుతి, కింవదంతి, ప్రవాదము, లోకవార్త, ఐతిహ్యము, వదంతి, పుకారు, ఊసుపోక కబురు. ఇవి పర్యాయపదములుగా గానవచ్చినను వీనిలో తారతమ్యము కలదు. అరుగుమీద గూర్చున్న పండితుడు చెప్పినది ‘ఐతిహ్యము’ అనిపించుకొనును. అదే మాటను నూతికడ నీళ్లు తోడుకొనువారు చెప్పుకొన్నచో ‘ఊసుపోక’ యగును. సంతలో వినబడినచో ‘పుకారు’ అగును. విషయ మొక్కటియే, చెప్పువాని హోదానుబట్టి పేరు మాఱుచున్నది. కావున ఐతిహ్యమను గౌరవవాచకమును జూచి మోసపోక, అదియు నొక కబురే యని మొదట నంగీకరించుట మేలు.

తెలుగు పండితులు తమ కబుర్లను పద్యములలో దాచుకొనిరి. అవియే చాటువులు. వచనముగా చెప్పిన మాట నోటినుండి నోటికి పోవుచు రూపు మాఱును. ఛందస్సున బిగించిన మాట అంత త్వరగా చెదరదు. అందుచేతనే మన లోకవార్తలలో చాలభాగము కందములు, సీసములు, ఉత్పలమాలలుగా మిగిలినది. వాని వస్తువులను పరికించినచో నేటి కాలక్షేపపు కబుర్లకును వానికిని భేదము స్వల్పమని తోచును. ఏ రాజు ఏ కవి కెంత యిచ్చెను, ఎవడు ఎవనిని సభలో నవమానించెను, ఏ కవి యే వేశ్య యింటికి పోవుచుండెను, ఏ యూరి భోజన మెట్టిది, పల్నాట జొన్నకూడు తప్ప వరియన్నము దొరకదేమి, లోభియైన గృహస్థు నెట్లు వెక్కిరింపవలెను – ఇట్టివే యందుగలవు. ప్రసిద్ధుల ముచ్చట్లు, ఆనాటి వార్తలు, నిత్యజీవితమునందలి వింతలు అను మూడు తరగతులలో దాదాపు చాటువులన్నియు నిముడును. వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) శ్రమించి ‘చాటుపద్యమణిమంజరి’గా సంకలనము చేయకున్నచో ఇందు పెక్కు భాగము నేటికి నశించి యుండెడిది.

ఇక వీని చారిత్రకతను గూర్చి రెండు మాటలు. కృష్ణదేవరాయల (1509–1529) సభలో ఎనమండ్రు కవులు భువనవిజయమున నొక్కచోట కూర్చుండి పద్యములతో పరిహాసములాడుకొనిరని లోకము చెప్పును. కాని కృతులనే సాక్ష్యమడిగినచో సమాధానము వేఱుగా వచ్చును. వసుచరిత్ర తిరుమలదేవరాయల కంకితము. అది 1565లో జరిగిన రాక్షసితంగడి యుద్ధమునకు పిమ్మటి కాలమునకు చేరును. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రిమంత్రి కంకితము. పింగళి సూరన కళాపూర్ణోదయము నంద్యాల కృష్ణమరాజున కంకితము. ఈ కవులందఱు నొక్క సభలో, ఒక్క రాజు నెదుట కూర్చుండిరనుట పొసగదు. లోకము నూఱేండ్ల సాహిత్యము నొక్క సాయంకాలపు గోష్ఠిగా కుదించినది. చాటుకథ చరిత్రకు సాక్ష్యము కాదనుటకు ఈ యొక్క దృష్టాంతము చాలును.

ఈ విషయము మన పూర్వపరిశోధకులకు తెలియనిది కాదు. గురజాడ శ్రీరామమూర్తి ‘కవిజీవితముల’లో జనశ్రుతులను ఆదరముతో చేర్చుకొనెను. కందుకూరి వీరేశలింగము (1848–1919) ‘ఆంధ్ర కవుల చరిత్ర’మున వానిని హేతుబుద్ధితో పరీక్షించి, పొసగనివానిని నిరాకరించెను. మన విశ్వవిద్యాలయములందలి పరిశోధనము వీరేశలింగముగారి మార్గమునే ముఖ్యముగా ననుసరించినది. అది యుచితమే. శాసనమునకును, కృత్యాదికిని, గద్యకును ఇచ్చు స్థానమును కబురు కీయరాదు. కాని కబురు చరిత్ర కానంతమాత్రమున వ్యర్థమగునా? నిజమా, అబద్ధమా యను ప్రశ్న తీఱిన పిమ్మట గూడ నొక ప్రశ్న మిగిలియే యున్నది. ఈ కథ ఈ కవికే యేల యంటుకొన్నది? ఈ కావ్యమునకే యేల పుట్టినది?

పారిజాతాపహరణమునే తీసికొందము. రాణి పాదము రాజునకు – కొందఱి మాటలో రాజు చిత్రపటమునకు – తగిలినదనియు, రాయలు కోపించి యామె మందిరమునకు పోవుట మానెననియు, అరణముగా వచ్చిన తిమ్మన ఈ కావ్యమును వ్రాసి వారిని కలిపెననియు కథ. ఇది జరిగినదని నిరూపించుటకు ఆధారము లేదు. కాని కథను పుట్టించినవాడు కావ్యమును చదివినవాడే. అందును సరియైన చోట ఆగి చదివినవాడు. రాజున కంకితమగు కావ్యమున, రాజుతో సమానముగా వర్ణింపబడు నాయకుని శిరస్సును నాయిక యెడమపాదముతో త్రోయుట ఎట్లు చెల్లినది? ఆ ఘట్టమును విన్న సహృదయునకు ఈ సందేహము తప్పక పుట్టును. దానికి లోకమిచ్చిన సమాధానమే రాజదంపతుల కలహకథ. కావ్యమునకు మూలస్థానమెచ్చట నున్నదో ఈ కబురు చూపుచున్నది. ఔచిత్యమను మాట నుపయోగింపకయే ఔచిత్యచర్చ చేయుచున్నది. మనము పది పుటలలో చేయు విమర్శనమును లోకము పది వాక్యముల కథలో చేసినది.

ఇంకొక యుదాహరణము. పెద్దన యొక పద్యమున అమావాస్య యను పదమును హ్రస్వములతో కుదించి ‘అమవస’ యని వాడెననియు, రామకృష్ణుడు తన పద్యమున దీర్ఘములన్నిటిని హ్రస్వములుగా మార్చి దానిని వెక్కిరించెననియు చెప్పుదురు. ఆ యిరువు రొక్క సభలో నుండిరో లేదో సందేహమే. కాని వెక్కిరింపు మాత్రము నిశితమైన వ్యాకరణ విమర్శనము. మహాకవియైనను పదమును కుదించుటకు హద్దు గలదా, ఒక్కచోట నంగీకరించినచో అన్నిచోట్ల నంగీకరింపవలదా యను తర్కము అందున్నది. పాఠశాలలో సూత్రమును మఱచిన విద్యార్థి ఈ కథను మఱువడు. వసుచరిత్రలో సంపెంగ తపస్సు చేసి నాయిక నాసికగా పుట్టి, తనను నిరాకరించిన తుమ్మెదలను కన్నులుగా ఇరుప్రక్కల నుంచుకొన్నదను భావముగల పద్యమున్నది. అది తిమ్మన రచించినదనియు, భట్టుమూర్తి దానిని వేలకొలది ధనమిచ్చి కొని తన కావ్యమున చేర్చెననియు ప్రవాదము. విక్రయపత్ర మెవరును చూచినది లేదు. కాని ఆ పద్యము కావ్యమునుండి విడదీసినను తానుగా నిలువగలదని, దాని వెల దానికే వేఱుగా గలదని పాఠకుల కనిపించినది. కథాశరీరమున కంటియు నంటకయుండు చమత్కారమును గూర్చి యింతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

శ్రీనాథ పోతనల బాంధవ్యము గూడ నిట్టిదే. పల్లకిమీద వచ్చిన శ్రీనాథుడు బోయీలను తొలగించినను పల్లకి నడిచెననియు, పొలములో నున్న పోతన యెద్దును విప్పించినను నాగలి సాగెననియు కథ. వారి బాంధవ్యమునకు దృఢమైన సాక్ష్యము లేదు. కాని కబురు చెప్పువారు రెండు కవితామార్గముల నెదురెదురుగా నిలిపిరి. ఒకటి రాజాస్థానముల వెంట తిరుగునది. రెండవది పొలమునువిడువక భగవంతునకే యంకితమగునది. ఆ రెంటిని శత్రువులుగా గాక బావమఱదులుగా కల్పించుటలోనే విశేషమున్నది. బావమఱదులు పరిహాసములాడుకొందురు, దెప్పుకొందురు, కాని యొక యింటిభోజనము చేయుదురు. శ్రీనాథుని ప్రౌఢిని, పోతన మాధుర్యమును ఏకకాలమున ప్రేమించిన జాతి యీ చుట్టఱికమును కల్పించుకొన్నది. శ్రీనాథుని యంత్యదశను గూర్చిన సీసము సంగతియు నంతే. కృష్ణా ప్రవాహమున పంట పోయెననియు, బొడ్డుపల్లె గుత్తకు చెల్లింపవలసిన ఏడువందల టంకములు లేక శిక్ష ననుభవించెననియు అందు చెప్పబడినది. అది యతని రచనయే యైనను కాకున్నను, రాజాశ్రయము కూలిన పిమ్మట కవిసార్వభౌముడును పన్ను బాకీపడిన రైతే యగునను కఠినసత్యమును లోకము గుర్తుంచుకొన్నది.

ఈ దృష్టిని ఇటీవల బలపఱచినవారు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్. వారు 1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా ప్రకటించిన ‘ఎ పోయెమ్ ఎట్ ద రైట్ మొమెంట్’ అను గ్రంథమున, చాటువులు చెదురుమదురు పద్యములు కావనియు, ఒకదానితో నొకటి సంభాషించు నొక వ్యవస్థ యనియు, పండితసమాజము తన యభిరుచిని నిర్ణయించుకొన్న మౌఖికవిమర్శయే యనియు ప్రతిపాదించిరి. ఇంతవరకు నేను చెప్పినది ఆ ప్రతిపాదనమునకు దూరము కాదు. కాని యిచ్చట నాగిపోయినచో సగము మాటయే చెప్పినట్లగును. లోకవార్త విమర్శనమైనచో, ఆ విమర్శకుడు నిష్పక్షపాతియా యని గూడ నడుగవలెను. న్యాయాధిపతి తీర్పును చదువుచు నాతని మనస్సును పరీక్షింపకుండుట పరిశోధకునకు తగదు.

ఇచ్చట ధూర్జటిని గూర్చిన చాటువును స్మరింపవలెను. ధూర్జటి పలుకుల కింత మాధుర్యమెట్లు వచ్చినదని రాయలు ప్రశ్నించెననియు, వారకాంతల యధరామృతమే దానికి కారణమని రామకృష్ణుడు బదులుచెప్పెననియు కథ. సభ నవ్వినది, కవి గౌరవమునకు లోపము రాలేదు. పైగా ఆ వేశ్యాసాంగత్యము కవితామాధుర్యమునకు హేతువుగా, అలంకారముగా పరిణమించినది. కాళహస్తీశ్వరశతకమున కవి తన యింద్రియచాపల్యమును తానే నిందించుకొనుట ఈ కబురునకు బలము చేకూర్చియుండవచ్చును. అయినను కాళహస్తీశ్వరశతకమును విద్యార్థుల కంటబడనీయరాదని యెవరును వాదింపలేదు. శ్రీనాథుని శృంగారయాత్రలను గూర్చిన కథలును ఇట్లే రసికతాచిహ్నములుగా నిలిచినవి.

ఇప్పుడు అదే వేశ్యావాటికనుండి పలికిన యొక కవయిత్రిని చూతము. ముద్దుపళని తంజావూరు మరాఠా ప్రభువగు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున వెలసిన విదుషి. ఆమె ‘రాధికాసాంత్వనము’ నాలుగాశ్వాసముల శృంగారకావ్యము. తాను పెంచిన ఇళను రాధ కృష్ణునకిచ్చి వివాహము చేయించి, పిమ్మట విరహముచే, ఈర్ష్యచే తపించును. కృష్ణుడు వచ్చి యామె నూరడించును. అలిగిన నాయికను నాయకుడు బ్రతిమాలుట పారిజాతాపహరణమునకును ప్రధానవస్తువే. తిమ్మన కావ్యముచుట్టు లోకము రాజదంపతుల ప్రణయకథ నల్లినది. ముద్దుపళని కావ్యముచుట్టు ఏమల్లినది? వీరేశలింగముగారు తమ కవులచరిత్రలో ఆమెకు స్థానమిచ్చియు, ఆమె నడవడిని నిందించి, గ్రంథమున పెక్కుభాగములు స్త్రీ వినదగనివనియు, స్త్రీ నోట రాదగనివనియు తీర్పుచెప్పిరి.

ఇచ్చట జాగ్రత్తగా నొక భేదమును గుర్తింపవలెను. ముద్దుపళని వేశ్యాకులమున జన్మించినదనుట ప్రవాదము కాదు, సత్యమే. ఆమె దానిని దాచలేదు. ప్రవాదమనదగినది, ఆ పుట్టుకనుండి కావ్యగుణమును నిర్ణయించుట. పురుషకవుల విషయమున జనశ్రుతిని హేతుబుద్ధితో తూచి నిరాకరించిన మహానుభావుడు, ఒక స్త్రీ విషయమున లోకము ఆమె కులమును గూర్చి యేమనుకొనునో దానిని ప్రమాణముగా గైకొనెను. వీరేశలింగముగారు స్త్రీలకొఱకు చేసిన సేవ తెలుగువారికి చిరస్మరణీయము. 1881లో తొలి వితంతువివాహమును జరిపించిన ధీరు డాయన. అట్టివాని కలము గూడ ఇచ్చట జాఱినదన్నచో, లోకవార్త బలమెంతటిదో గ్రహింపవచ్చును. దోషము ఒక్క వ్యక్తిది కాదు. తర్కించుట యలవాటైనవాని చెవిలో సైతము దూరిన నూఱేండ్ల కబురుది.

ఈ తీర్పునకు తొలి సమాధానము విశ్వవిద్యాలయమునుండి గాని పరిషత్తునుండి గాని రాలేదు. సంగీతవిదుషి బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) నుండి వచ్చినది. అంతకుముందటి ముద్రణమును చదివి తృప్తిపడక, వ్రాతప్రతిని సంపాదించి పోల్చి చూచి, 1910లో వావిళ్లవారి ద్వారా ఆమె రాధికాసాంత్వనమును ప్రకటించెను. పూర్వముద్రణమున లోపించినది కొన్ని పద్యములు మాత్రమే కాదు. తన వంశమును, తన పితామహి తంజనాయకిని, తన విద్యను, తాను పొందిన గౌరవమును గూర్చి ముద్దుపళని స్వయముగా చెప్పుకొన్న యవతారికయే లోపించినది. ఈ సంగతిని పరిశోధక విద్యార్థులు నిలిచి యాలోచింపవలెను. ఆమెను గూర్చి లోకము చెప్పినది నిలిచినది. తన్ను గూర్చి యామె చెప్పుకొన్నది ముద్రణమున జాఱిపోయినది. కావ్యపరిష్కరణమను పని యెంత నైతికమైన పనియో ఈ యొక్క యుదాహరణము చెప్పుచున్నది. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు సహజము కాదా, పురుషుల శృంగారగ్రంథములకు లేని దోషము దీనికేల వచ్చెను అని నాగరత్నమ్మ తన పీఠికలో వీరేశలింగముగారిని ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు సమాధానముగా వచ్చినది ప్రభుత్వ నిషేధము. అశ్లీలమను నెపమున ప్రతులు స్వాధీనము చేసికొనబడెను. 1947లో గాని యా నిషేధము తొలగలేదు. ఒక కబురు, విమర్శకుని తీర్పుగా మాఱి, తీర్పు ప్రభుత్వాజ్ఞగా మాఱిన క్రమము నిచ్చట స్పష్టముగా చూడవచ్చును.

మొల్ల విషయమునను ఇదే లక్షణము మృదురూపమున గలదు. తన తండ్రి కేసన యనియు, గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని వరమున తనకు కవిత్వమబ్బినదనియు ఆమె తన రామాయణమున చెప్పుకొన్నది. లోకమున కది చాలలేదు. ఆమెను రాయలకాలమునకు చేర్చి, అంగడివీధిలో రామకృష్ణుడు బేరమాడు నెపమున రెండర్థముల మాటతో పరిహసించినట్లును, ఆమె ‘నేనమ్మను’ అని యొక్క మాటలో అమ్మకము లేదనియు, తాను తల్లివంటిదాననియు స్ఫురింపజేసి యతనిచే నమస్కరింపజేసికొన్నట్లును కథ కట్టినది. కథ మొల్లకు గౌరవమునే తెచ్చినది. ఆ శ్లేష అందమైనదే. అయినను కథాసన్నివేశమును గమనింపుడు. పెద్దనకు పరీక్ష సభలో, పద్యముతో జరిగినది. మొల్లకు పరీక్ష వీధిలో, ఆమె స్త్రీత్వముతో జరిగినది. రామాయణమును వ్రాసిన కవయిత్రి తాను కవయిత్రి నని నిరూపించుకొనుటకు ముందు తాను అమ్మ నని నిరూపించుకొనవలసివచ్చినది. ఆమె పద్యమును గూర్చిన యొక్క మాటయు ఆ కథలో లేదు.

కవులను గూర్చి చెప్పుకొనుట తగ్గి, చలనచిత్ర నటులను గూర్చి చెప్పుకొనుట పెరిగిన నేటికాలమునను ఈ తూకపురాళ్లు మాఱినట్లు కానరాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ వేషమున నున్న ఘటోత్కచుని యభినయించి, ఒక్క దేహమున రెండు స్వభావములను చూపిన నటి సావిత్రి. 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించినది గూడ నామెయే. 1981లో ఆమె మరణించినది మొదలు జనులు చెప్పుకొను కబుర్లలో ఆమె దాంపత్యము, వ్యసనము, పేదఱికము ఎన్ని మాఱులు వచ్చునో, ఆమె దర్శకత్వ మెన్ని మాఱులు వచ్చునో పాఠకులే తమ యనుభవమునుబట్టి లెక్కింపవచ్చును. ఆమె జీవితమును చిత్రించిన ‘మహానటి’ 2018లో విడుదలయైన పిమ్మట ఆ ముచ్చట్లు కొత్తతరమునకును చేరినవి. పురుషనటుల ప్రణయములును, వ్యసనములును రసికతగానో, దాతృత్వముతోడి పొరపాటుగానో చెప్పబడుటయు మనము విన్నదే. ధూర్జటికిని ముద్దుపళనికిని పట్టిన త్రాసే యిది.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: చాటువులు పురుషకవులను గూడ నిర్దాక్షిణ్యముగా నిందించినవి గదా, స్త్రీలకే యన్యాయమనుట యెట్లు? నిజమే; కుకవినింద మన చాటువులలో సమృద్ధిగా గలదు. కాని యా నిందకు గుఱి పద్యము. యతి తప్పినది, భావము దొంగిలించెను, పదమును కుదించెను అని నింద. స్త్రీ విషయమున నిందకు గుఱి దేహము, కులము, నడవడి. మొదటిది విమర్శనము, రెండవది విమర్శన వేషమున నున్న వదంతి. రెండవ యాక్షేపణము: నేటి న్యాయబుద్ధిని నాటి లోకమునకు వర్తింపజేయుట యుక్తమా? ఈ ప్రశ్నను నేనడుగుటకు ముందే 1910లో నాగరత్నమ్మ యడిగినది. తన కులమును, విద్యను దాచక అవతారికలో చెప్పుకొన్న ముద్దుపళని అంతకు నూటయేబదియేండ్ల నాడు, తన్ను తాను చెప్పుకొను హక్కును చూపినది. కావున ఇది బయటినుండి తెచ్చిన కొలబద్ద కాదు. మన సాహిత్యమునందే యున్నది.

పరిశోధనమునకు పనికివచ్చుటకై ఈ చర్చను కొన్ని నియమములుగా కూర్చుకొనవచ్చును. ఒకటి: కవి జీవితమును వ్రాయునపుడు కవి తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాటను ముందుంచవలెను, అవతారికయు, గద్యయు లేని ముద్రణమును చూచినచో వ్రాతప్రతిని వెదకవలెను. రెండు: చాటుకథను ఉదాహరించునపుడు దానిని కవి కాలమునకు గాక, అది మొదట లిఖితమైన కాలమునకు సాక్ష్యముగా వాడవలెను. రాయలసభను గూర్చిన కథ రాయలను గూర్చి చెప్పుదానికంటె, ఆ సభను కలగన్న తరువాతితరములను గూర్చి యెక్కువ చెప్పును. మూడు: కథ కావ్యమున నే ఘట్టమును, ఏ పదమును, ఏ సందేహమును ఆశ్రయించి పుట్టినదో కనుగొనవలెను; కనుగొన్నచో అది విమర్శనమగును. నాలుగు: అట్టి యాశ్రయము కావ్యమున నెచ్చటను కానరాక, కథ కేవలము కవి కులమును, దేహమును, నడవడిని మాత్రమే పట్టుకొనియుండినచో, దానిని సాహిత్యచరిత్రలో ప్రమాణముగా చేర్చరాదు. చేర్చుట తప్పనిసరియైనచో, చెప్పిన వారి మనస్తత్వమునకు సాక్ష్యముగానే చేర్చవలెను.

ఈ నియమములను పాటించినచో చాటుకథలు తరగతినుండి బహిష్కృతములు కావు. వానిని చెప్పకుండుట సాధ్యమును కాదు, అవసరమును కాదు. కబుర్లు చెప్పుకొనని జాతికి కవులు జ్ఞాపకముండరు. పల్లకి నడిచిన కథ విని భాగవతమును తెఱచిన బాలురు, అమవస కథ విని వ్యాకరణమునందు రుచి గొన్న విద్యార్థులు మన తరములలో నెందఱో గలరు. విద్యార్థి “నిజమేనా?” అని యడిగినపుడు “కాదు” అని చెప్పి యూరకుండక, “ఇట్లేల చెప్పుకొనిరో చూతము, గ్రంథము తెఱవుడు” అని చెప్పగలుగుటయే ఉపాధ్యాయుని పని. ఆ తెఱచిన గ్రంథమున తిమ్మన సత్యభామ ప్రక్కనే ముద్దుపళని రాధయు నుండవలెను. ఇరువురి యలుకను ఒక్క లక్షణముతోనే, ఒక్క తూకముతోనే పరిశీలించునాడు, లోకవార్త మనకు విమర్శన సామగ్రిగా మిగులును; తీర్పుగా మిగులదు.